ఇంటికొచ్చే పాలియేటివ్ కేర్: రోగిని చూసుకునే మనిషికి ఎంతవరకు అక్కరకొస్తుంది?

క్యాన్సర్ ఆస్పత్రుల గురించి జనం రాసే అభిప్రాయాల్లో డాక్టరు మాటతీరు ఉంటుంది, స్కానింగుకు పట్టిన టైము ఉంటుంది, బిల్లు ఉంటుంది. రోగిని ఇంట్లో పెట్టుకుని చూసుకునే భార్యకో, కోడలికో, కొడుకుకో అక్కడ ఏం సాయం అందిందన్నది మాత్రం కనిపించదు. జీతం లేకుండా, సెలవు లేకుండా, ఎవరూ నేర్పకుండానే నర్సు పని చేసేది వాళ్లే. అందుకే ఇక్కడ మేం చూసింది ఒక్కటే: పాలియేటివ్ కేర్, అంటే రోగి నొప్పి, ఇతర బాధలు తగ్గించి కుటుంబానికి అండగా ఉండే సేవ, తీసుకున్నాక ఆ మనిషికి పని తేలికవుతుందా, భయం తగ్గుతుందా, రాత్రి కంటినిండా నిద్ర పడుతుందా?

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. తెలంగాణలో క్యాన్సర్ రోగి కుటుంబానికి దొరికే సాయాల్లో అన్నిటికన్నా అక్కరకొచ్చేది పాలియేటివ్ కేర్ బృందం. పైసా ఖర్చు లేదు. నొప్పి తగ్గిస్తారు, గొట్టాలూ పుండ్లూ ఎలా చూసుకోవాలో చేతికి నేర్పుతారు. అయితే రాత్రిపూట ఆదుకోవడంలో, చూసుకునేవాళ్లకు నాలుగు రోజులు విశ్రాంతి ఇప్పించడంలో ఈ సేవ ఇంకా వెనకబడే ఉంది. అన్నిటికన్నా బాధాకరం ఏమిటంటే, చాలామంది దీని దగ్గరికి ఆఖరి వారంలో వస్తారు. అప్పటికి చూసుకునే మనిషి ఒళ్లు హూనమైపోయి ఉంటుంది.

ఎక్కడ దొరుకుతుంది? హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో పాలియేటివ్ విభాగం ఉంది. జిల్లాల్లో ఈ పని చేవెళ్లతో మొదలై ఖమ్మం, సిద్దిపేట, మహబూబ్‌నగర్, ఆదిలాబాద్ వంటి చోట్లకు పాకింది. జిల్లా ఆస్పత్రిలోనో ఏరియా ఆస్పత్రిలోనో కొన్ని పడకలతో వార్డు, దానికి అనుబంధంగా ఇంటింటికీ తిరిగే ‘ఆలన’ బండి ఉంటాయి. డాక్టరు, నర్సులు, ఫిజియోథెరపిస్టు కలిసి చేసే పని ఇది. నగరంలో స్వచ్ఛంద సేవ కావాలంటే ఖాజాగూడలో స్పర్శ్ హాస్పిస్ (నయం కాని రోగులను చేర్చుకుని చూసుకునే కేంద్రం) ఉంది. బంజారాహిల్స్ రోటరీ క్లబ్ వాళ్లు 2011లో మొదలుపెట్టారు, అదీ ఉచితమే. ఆంధ్రలో విశాఖ అగనంపూడి దగ్గర టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి, తిరుపతిలో స్విక్కార్ అనే క్యాన్సర్ ఆస్పత్రి ఉన్నాయి. అక్కడ చికిత్స తీసుకుంటుంటే పాలియేటివ్ ఓపీ ఏ రోజుల్లో ఉంటుందో అడిగి రాసుకోండి.

పాలియేటివ్ అనగానే ‘ఇక ఆశ లేదన్నమాట’ అని ఇంటిల్లిపాదీ కుంగిపోతారు. అందుకే డాక్టరు ఆ చీటీ రాసినా మడిచి ఫైల్లో పెట్టేస్తారు. నిజానికి కీమో, రేడియేషన్ నడుస్తుండగానే పాలియేటివ్ ఓపీకి వెళ్లొచ్చు, వెళ్లాలి. నోటి క్యాన్సర్‌కు రేడియేషన్ మొదలైన రెండు మూడు వారాలకు నోరు పూసి మింగలేని స్థితి వస్తుంది. ఆ నొప్పికి సరైన మందు ఇచ్చే అనుభవం వీళ్లకే ఎక్కువ. మొదటిసారి నొప్పితో నిద్ర పట్టని రాత్రి వచ్చిందా, ఆహారం పట్టడానికి మొదటిసారి ముక్కులో గొట్టం వేశారా, అదే వెళ్లాల్సిన సమయం. ‘ఇంటికి తీసుకెళ్లండి’ అనేదాకా ఆగొద్దు.

పేరు నమోదుకు పెద్ద తతంగమేమీ లేదు. బయాప్సీ రిపోర్టు, ఆఖరి డిశ్చార్జి సమ్మరీ, ఇప్పుడు వాడుతున్న మందుల చీటీ, ఆధార్, రేషన్ కార్డు జిరాక్సులు తీసుకెళ్లండి. ఇంటి అడ్రసుతోపాటు గుర్తుగా గుడో, స్కూలో, నీళ్ల ట్యాంకో రాసివ్వండి. పల్లెల్లో బండి ఊళ్లోకి వచ్చి ఇల్లు దొరక్క చుట్టూ తిరగడంలోనే బోలెడు టైము పోతుంది. రోగి కదల్లేకపోతే కాగితాలతో ఇంట్లోవాళ్లు వెళ్లి మాట్లాడొచ్చా అని ముందే ఫోన్ చేసి కనుక్కోండి. ఎవరిని అడగాలో తెలియకపోతే ఊరి ఆశా కార్యకర్తతో మొదలుపెట్టండి, మంచాన పడ్డవాళ్ల వివరాలు పీహెచ్‌సీకి చేర్చే దారి వాళ్లకు తెలుస్తుంది. మొదటి సందర్శనలోనే మూడు ప్రశ్నలు అడిగి జవాబులు గోడకు అంటించండి. మళ్లీ ఎప్పుడొస్తారు, రాత్రి నొప్పి పెరిగితే ఏ మాత్ర ఎంత ఇవ్వాలి, ఏ లక్షణం కనిపిస్తే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

ఈ సేవలో మేం పూర్తి మార్కులు వేసేది నొప్పి మందుకు. తీవ్రమైన నొప్పికి ఇచ్చే మార్ఫిన్ మామూలు మెడికల్ షాపులో దొరకదు. 2014లో మత్తుమందుల చట్టాన్ని సవరించాక గుర్తింపు పొందిన వైద్య సంస్థలు దాన్ని నిల్వ ఉంచి ఇవ్వడం సులువైంది. పాలియేటివ్ కేంద్రంలో పేరుంటే ఈ మందు కోసం ఊరంతా తిరగక్కర్లేదు. నోటి మాత్ర సాధారణంగా 4 గంటలకొకసారి, గడియారం చూసి ఇస్తారు. నొప్పి వచ్చాక ఇద్దాంలే అని ఆగితే అప్పటికి నొప్పి ముదిరి అదే మాత్ర సరిపోదు. అర్ధరాత్రి లేపక్కర్లేకుండా పడుకునే ముందు రెట్టింపు డోసు ఇచ్చే పద్ధతి ఉంది. చూసుకునేవాళ్లు నిద్రపోగలిగేది దీనివల్లే కాబట్టి డాక్టరును అడిగి రాయించుకోండి. మధ్యలో హఠాత్తుగా నొప్పి లేస్తే ఇవ్వాల్సిన అదనపు డోసు కూడా చీటీలో ఉండాలి.

ఇక్కడ తప్పు జరిగేది ఎక్కువగా మలబద్ధకం దగ్గర. మార్ఫిన్ వాడినన్నాళ్లూ విరేచనం మందు కూడా రోజూ వాడాల్సిందే. అరటిపండుతో, వేడినీళ్లతో సరిపోదు. నాలుగు రోజులు విరేచనం కాకపోతే కడుపు ఉబ్బుతుంది, వాంతులవుతాయి, ‘ఈ మందు పడట్లేదు’ అని ఇంట్లోవాళ్లు మార్ఫినే మానేస్తారు, నొప్పి తిరగబెడుతుంది. మొదటి కొద్దిరోజులు మగత, వికారం ఉండొచ్చు, చాలామందిలో వాటంతటవే తగ్గుతాయి. లేపినా లేవనంత మగత, ఊపిరి బాగా నెమ్మదించడం కనిపిస్తే వెంటనే ఫోన్ చేయాలి. డోసు మీకై మీరు పెంచొద్దు, ఒక్కసారిగా ఆపొద్దు. ‘అలవాటైపోతుందేమో’ అని చుట్టాలు అంటే, క్యాన్సర్ నొప్పికి డాక్టరు లెక్క ప్రకారం వాడినప్పుడు వ్యసనమవుతుందనే భయం అక్కర్లేదని గట్టిగా చెప్పండి. ఐదారు రోజుల మాత్రలు మిగిలి ఉండగానే తర్వాతి విడత తెచ్చుకోవాలి, పండగ సెలవుల ముందు మరీనూ. మాత్రల బదులు చర్మంమీద అంటించే నొప్పి మందు పట్టీ, ఫెంటనిల్ ప్యాచ్ వేస్తే దానిమీద వేడినీళ్ల సంచి, కాపడం పెట్టకూడదు. వేడికి మందు ఒక్కసారిగా ఒంట్లోకి ఎక్కువగా దిగి ప్రాణం మీదికొస్తుంది.

ఇంటికొచ్చిన నర్సు దగ్గర నేర్చుకోవాల్సిన వాటిలో మన ప్రాంతంలో ఎక్కువమందికి కావాల్సింది ముక్కు గొట్టం సంగతి. నోటి, గొంతు క్యాన్సర్లు మన దగ్గర ఎక్కువ. ఆస్పత్రిలో గొట్టం వేసి, రెండు నిమిషాల్లో చూపించి పంపేస్తారు. ఇంటికొచ్చాక అసలు కష్టం తెలుస్తుంది. గొట్టంలో ఆహారం పట్టేముందు రోగిని కూర్చోబెట్టాలి, లేదంటే దిండ్లు పెట్టి తల, వీపు 45 డిగ్రీలైనా ఎత్తాలి. ముక్కు దగ్గర గొట్టంమీద ఏ అంకె ఉందో మొదటి రోజే పెన్నుతో గుర్తు పెట్టుకుని ప్రతిసారీ అది జరిగిందేమో చూడాలి. 50 ఎంఎల్ సిరంజి పిస్టన్ తీసేసి గరాటులా వాడి, 200 నుంచి 250 ఎంఎల్ దాకా దానంతటది దిగనివ్వాలి. పిస్టన్‌తో తోస్తే కడుపు ఒక్కసారిగా నిండి పైకి తన్నుతుంది. ముందు కొంచెం, తర్వాత కొంచెం, 30 ఎంఎల్ చొప్పున మంచినీళ్లు పోయాలి. పట్టాక గంటసేపు పడుకోబెట్టకూడదు. ఎన్ని గంటలకొకసారి, రోజుకు మొత్తం ఎంత అన్నది డైటీషియన్‌తో రాయించుకోండి.

గొట్టం మూసుకుపోవడానికి కారణాలు సాధారణంగా రెండే. ఒకటి చిక్కటి రాగిజావ. రాగిజావ మంచిదే, కానీ పలుచగా కాచి, సన్నటి జల్లెడలోనో పల్చటి గుడ్డలోనో వడకట్టి, గోరువెచ్చగా అయ్యాక పోయాలి. చల్లారితే గడ్డకడుతుంది. రెండోది మాత్రల పొడి. నాలుగు మాత్రలు కలిపి నూరి జావలో కలిపేస్తే గొట్టంలో పేరుకుపోతాయి. ఒక్కో మాత్రా విడిగా మెత్తగా నూరి, నీళ్లలో కలిపి పోసి, మధ్యలో నీళ్లు పట్టాలి. నెమ్మదిగా మందు వదిలే రకం మాత్రలు అసలు నూరకూడదు. నూరితే రోజంతటి డోసు ఒక్కసారే పడిపోతుంది. ఏవి నూరొచ్చో చీటీమీద టిక్కు పెట్టించుకోండి. మూసుకుపోతే గోరువెచ్చటి నీళ్లతో మెల్లగా తోసి, లాగి చూడండి, కదలకపోతే ఆపేయండి. తీగలు పెట్టొద్దు. గొట్టం ఊడి వస్తే ఇంట్లో మళ్లీ దోపొద్దు, అది ఊపిరితిత్తుల్లోకి వెళ్లిందో లేదో మీకు తెలియదు. ఆహారం పట్టేటప్పుడు దగ్గు, ఆయాసం వస్తే అక్కడికక్కడ ఆపాలి.

పుండు వాసన గురించి ఇళ్లలో ఎవరూ నోరు తెరిచి మాట్లాడరు. రొమ్ము, నోటి క్యాన్సర్ పుండ్లకు వచ్చే ఆ వాసనకు చుట్టాలు రావడం మానేస్తారు, చూసుకునేవాళ్లు అన్నం తినలేకపోతారు. దీనికి మందుంది. మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ మాత్రల పొడి పుండుమీద చల్లడం పాలియేటివ్ నర్సులకు రోజువారీ పని, వాసన బాగా తగ్గుతుంది. నర్సు ముందు మీరే ఒకసారి కట్టు కట్టి చూపించండి, తప్పులుంటే అక్కడే దిద్దుతారు. అర లీటరు మరిగించి చల్లార్చిన నీళ్లలో చిన్న చెంచాడు ఉప్పు వేసి కడగడం, పాత నూలు చీర ముక్కలు ఉతికి, ఎండబెట్టి, కుక్కర్‌లో ఆవిరి పట్టి కట్టుకు వాడడం, అంటుకుపోయిన కట్టును ఆ ఉప్పునీళ్లతో నానబెట్టి తీయడం నేర్చుకుంటే గాజ్ గుడ్డ (కట్టు గుడ్డ) ఖర్చు చాలా తగ్గుతుంది. పుండునుంచి రక్తం చిమ్మే అవకాశముందని చెబితే ముదురు రంగు తువాళ్లు చేతికందేలా పెట్టుకోండి. తెల్ల గుడ్డమీద రక్తం చూస్తే రోగీ, మీరూ ఇద్దరూ బెదిరిపోతారు.

పడక పుండ్లకు ఎయిర్ బెడ్ కొనేశాం కదా అని నిశ్చింతగా ఉండకండి. అది ఉన్నా రెండు గంటలకొకసారి పక్క మార్చాలి. మడమలు, తుంటి, వెన్ను కింది భాగం రోజూ చూడాలి. నొక్కినా తెల్లబడని ఎరుపు కనిపిస్తే అక్కడ రుద్దొద్దు, బరువు పడకుండా చూడాలి. ఒక్కరే లేపి జరపబోతే మీ నడుం పోతుంది. దుప్పటిని నాలుగు మడతలు వేసి రోగి నడుం కింద అడ్డంగా పరిచి, ఇద్దరు చెరోవైపు పట్టి జరపాలి. ఈ పద్ధతిని ఫిజియోథెరపిస్టుతో చేయించి చూడండి. చూసుకునేవాళ్ల నడుము గురించి ఆలోచించేది అతనొక్కడే.

కీమో నడుస్తున్న ఇంట్లో అయితే ఒక్క హెచ్చరిక. జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే డోలో వేసి తెల్లారేదాకా చూడొద్దు. అదే రాత్రి ఆస్పత్రికి వెళ్లాలి. తెల్లకణాలు పడిపోయిన ఒంట్లో ఇన్‌ఫెక్షన్ గంటల్లో ముదురుతుంది. ఇది పాలియేటివ్ బండి కోసం ఎదురుచూసే పని కాదు.

ఇప్పుడు లోపాలు. ఇంటి సందర్శన పగటి పని, అదీ రోజూ ఉండదు. రోగికి ఎక్కువయ్యేది రాత్రిపూట. ఫోన్ ఎత్తే మనిషి ఉంటే సగం భయం తీరుతుంది, కానీ ఆ ఏర్పాటు అన్నిచోట్లా ఒకేలా లేదు. కేరళ 2008లోనే పాలియేటివ్ కేర్ విధానం తెచ్చుకుంది. అక్కడ ఊళ్లోని వలంటీర్లే రోగి ఇంటికి వచ్చి కూర్చుంటారు, కిరాణా తెచ్చిపెడతారు, పిల్లల చదువు గురించి పట్టించుకుంటారు. మన దగ్గర డాక్టరూ నర్సూ వచ్చి వెళ్లాక మళ్లీ ఆ ఇంటి కోడలు ఒంటరే. చూసుకునేవాళ్లకోసం విడిగా కౌన్సెలింగ్ గంట, వాళ్ల బీపీ, షుగర్ చూసే అలవాటు కూడా ఈ సందర్శనలో భాగం కావాలి. అడిగితే బీపీ చూస్తారు, అడగండి.

మనసు బరువెక్కితే టెలీ మానస్ ఉంది. 14416కు ఫోన్ చేస్తే 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన సేవ ఇది. ‘నాకేం జబ్బు లేదు, మా ఆయనకు క్యాన్సర్’ అని చెప్పినా వింటారు. నిద్ర పట్టకపోవడం, ఊరికే ఏడుపు రావడం, రోగిమీద కోపం వచ్చి ఆ తర్వాత కుమిలిపోవడం, ఇవన్నీ అక్కడ చెప్పుకోదగ్గ విషయాలే. క్యాన్సర్ సంగతులు లోతుగా తెలిసినవాళ్లే అవతల ఉంటారని మాత్రం అనుకోవద్దు. మందుల ప్రశ్నలు పాలియేటివ్ బృందానికి, మనసు సంగతులు వీళ్లకు అని విడదీసుకుంటే బాగా పనికొస్తుంది.

నిజంగా విశ్రాంతి దొరికేది హాస్పిస్‌లో. చికిత్స ఇక పనిచేయదని తేలిన రోగులను స్పర్శ్ లాంటి చోట చేర్చుకుంటారు. ‘అక్కడ వదిలేశారట’ అని ఊరు అంటుందని చాలామంది వెనకాడతారు. నొప్పి అదుపు తప్పినప్పుడో, చూసుకునే మనిషే జ్వరంతో పడిపోయినప్పుడో చేర్చి, తేరుకున్నాక ఇంటికి తెచ్చుకోవచ్చేమో అడగండి. అటెండెంట్ ఒకరు ఉండాలా, పడక ఖాళీ ఉందా, అంబులెన్సు ఎవరు పెట్టుకోవాలి అన్నవి ఫోన్లోనే తేల్చుకుని బయల్దేరండి.

ప్రయాణం ఖర్చుల్లో తేలిగ్గా మిగిల్చుకోదగ్గది రైలు రాయితీ. చికిత్సకో, చెకప్‌కో వెళ్లే క్యాన్సర్ రోగికి స్లీపర్, థర్డ్ ఏసీల్లో ఛార్జీ పూర్తిగా మాఫీ. వెంట వెళ్లే ఒకరికి వాటిలో 75 శాతం తగ్గింపు. ఆస్పత్రివాళ్లు రైల్వే నమూనాలో సర్టిఫికెట్ ఇస్తారు, దాంతో రిజర్వేషన్ కౌంటర్లో టికెట్ తీసుకోవాలి. తెలంగాణలో మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు 2023 డిసెంబరు నుంచి ఉచితం కాబట్టి మందులకు తిరిగే పని ఇంట్లో ఆడవాళ్లమీదే పడుతోంది. డబ్బు మిగులుతుంది కానీ ఆ రోజు రోగి దగ్గర ఎవరుంటారో ముందే చూసుకోవాలి. చికిత్స ఖర్చుకు ఆరోగ్యశ్రీ పరిమితి అదే నెలలో 10 లక్షలకు పెరిగింది. నెట్‌వర్క్ ఆస్పత్రిలో ముందుగా కలవాల్సింది అక్కడ ఈ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రను. బిల్లు కట్టేశాక వెళితే ప్రయోజనం ఉండదు.

కేర్‌టేకర్‌ను పెట్టుకుందామనుకునేవాళ్లకు ఏజెన్సీల గురించి రెండు మాటలు. నర్సు అని చెప్పి శిక్షణ లేని మనిషిని పంపడం మామూలే. ముక్కు గొట్టంతో పట్టడం, కట్టు మార్చడం వచ్చా అని ఏజెన్సీని కాకుండా వచ్చిన మనిషినే అడిగి, మీ ముందు చేయించి చూడండి. నెల మధ్యలో మానేస్తే ఎన్ని రోజుల్లో వేరే మనిషిని పంపుతారో, అడ్వాన్సు ఎంత తిరిగిస్తారో కాగితంమీద ఉండాలి. వారానికి రెండు రాత్రులు మాత్రమే మనిషిని పెట్టుకున్నా చూసుకునేవాళ్లకు పెద్ద ఊరట. అమెరికాలోనో బెంగళూరులోనో ఉన్న అన్నదమ్ములు డబ్బు పంపితే ముందు ఆ రెండు రాత్రులకు వాడండి. వాళ్లకు పని కూడా అప్పజెప్పొచ్చు. రిపోర్టులన్నీ స్కాన్ చేసి తేదీల వారీగా పెట్టడం, మందుల స్టాకు లెక్క చూడడం, చుట్టాల ఫోన్లన్నీ తామే తీసుకోవడం దూరాన ఉండి చేయగలిగినవే. పరామర్శ ఫోన్లకు జవాబు చెప్పడంలోనే ఇక్కడి మనిషికి సాయంత్రం గడిచిపోతోంది.

ఇంట్లోనే ప్రాణం పోతే ఏం చేయాలో బృందాన్ని ముందే అడిగి పెట్టుకోవాలి. అడగడానికి మనసు రాదు, అయినా అడగండి. అప్పటిదాకా చూసిన డాక్టరు మరణ కారణం రాసే 4ఏ ఫారం ఇస్తారు. 21 రోజుల్లోపు పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో మరణం నమోదు చేయించాలి. బ్యాంకు, బీమా, పింఛను పనులన్నీ ఆ సర్టిఫికెట్‌తోనే నడుస్తాయి. మిగిలిన మార్ఫిన్ మాత్రలు లెక్కపెట్టి ఇచ్చిన కేంద్రానికే తిరిగివ్వండి, పిల్లలున్న ఇంట్లో ఒక్క రోజు కూడా బయట ఉంచొద్దు. ఆ తర్వాత కొన్నాళ్లకు బృందంలో ఎవరైనా ఫోన్ చేసి ‘ఎలా ఉన్నారమ్మా’ అని అడిగితే అది వాళ్ల పనిలో భాగమే. మొహమాటపడకుండా మాట్లాడండి. రాకపోతే మీరే చేయండి.